విరిగిన ఏనుగు వెనకాల

తాళంచెవి డబ్బాలో పెట్టానా, పెట్టాననుకుని కొంగుకే కట్టుకొచ్చానా అని అనసూయ ఇంకోసారి కొంగు తడుముకుంది. ముడి లేదు. లేదంటే పెట్టినట్టే కదా, పొద్దున తన చేత్తోనే కదా పెట్టింది, ఇంతలోకే అనుమానమా, మతి ఉండే చేస్తున్నానా ఈ పనులన్నీ అని తన్ను తానే కసురుకుంది. ఖిలా వరంగల్ తోరణం నీడ గడ్డి మీద కొంచెం కొంచెంగా జరుగుతోంది, నీడతో పాటు తనూ జరుగుతోంది, పక్కన తువ్వాల పరుచుకుని కూర్చున్న మామయ్య మాత్రం జరగడం లేదు, ఎండ మోకాళ్ల మీదికి వచ్చినా సరే. మామయ్య పాండురంగం అంటే వరంగల్ చౌరస్తాలో ఇనుప సామాన్ల దుకాణం పాండురంగమే. ఆయన ఒకచోట కూర్చున్నారంటే బేరం తెగేదాకా లేవరు. ఇవాళ్టి బేరం ఆ తాళంచెవి. దుకాణం మీది గదికి ఉన్న ఒకే ఒక్క తాళంచెవి అది, రెండోది ఎప్పుడో పోయింది. ఆ గదిలో మధ్యాహ్నం పూట అనసూయ ఆడవాళ్లకు ఇంగ్లీషు చెబుతుంది. అదే గది రంగుల డబ్బాలకు గోదాం కావాలంటారు మామయ్య, కొత్తగా ఏజెన్సీ తీసుకున్నారు. దాచిన డబ్బాను ఆడవాళ్లు వెతికి తెస్తే గది చదువుకు, తేకపోతే రంగులకు. ఇందులో దాపరికం లేదు, కోపతాపాలూ లేవు, అన్నం వడ్డిస్తుంటే పప్పు కలుపుకుంటూ తేల్చిన మాట.

"ఏడాది సంది చెప్తానవ్ గదమ్మా. నీ గొంతు రోజు ఇనవడుతది మీదికెళ్లి. వాళ్ల నోట్లెకెళ్లి ఒక్క ఇంగ్లీషు ముక్క ఇనకపోతి," అన్నారు ఆ రోజు. ఆ మాట నిజమే, అదే కదా బాధ. ఎట్లా వింటారు మరి? కట్టమ్మ గానీ రాజక్క గానీ నిర్మల గానీ దుకాణం మెట్లెక్కేటప్పుడు ఆయన కనిపిస్తే చాలు, కొంగు తల మీదికి లాక్కుని గోడకు ఆనుకుని అడుగు చప్పుడు కాకుండా పైకి పోతారు. పైన గదిలోనూ గొంతు పెగలదు. రాయమంటే రాస్తారు, చదవమంటే పెదాలు కదుపుతారు, మాట్లాడమంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుతారు. సిగ్గయితది పంతులమ్మా అంటుంది రాజక్క, బజారులో పూలమ్మేటప్పుడు ఆవిడ కేక పోచమ్మ మైదానం దాకా వినిపిస్తుంది, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడి నుంచి వస్తుందో! అనసూయకు రోషం వచ్చింది. నోరు జారింది. వాళ్లకు అన్నీ వచ్చు మామయ్యా, ఒక చీటీ రాసిస్తాను, అది చదువుకుని కోటలో దాచిన డబ్బాను వాళ్లంతట వాళ్లే పట్టుకొస్తారు చూడండి అనేసింది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. "కోటలనా? నిధులు తవ్వేటోళ్లనుకోని పోలీసోళ్లు పట్టుకపోతరు," అని నవ్వి, ఒక ముద్ద నమిలి మింగి, "సరే. అయితే గది తాళంచెవి ఆ డబ్బలనే పెట్టు. తెస్తే గది మీది. తేకుంటే నేనే పోయి తెచ్చుకుంట," అన్నారు. పెరుగు వేస్తూ సరే అంది. ఎందుకన్నావే సరే అని? ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ దొరకలేదా నీకు? పెరుగు కూడా కంచం బయట పోసింది ఆ తొందరలో.

పొద్దున రిక్షాలో వచ్చినప్పుడు కోటలో మేకలూ, వాటిని తోలే ముసలమ్మా తప్ప ఎవరూ లేరు. పడిపోయిన శిల్పాల మధ్య తిరిగి తిరిగి, తొండం విరిగిన రాతి ఏనుగు ఒకటి చూసుకుంది. ఏనుగంటే సగమే, ముందు కాళ్లు భూమిలోకి కూరుకుపోయాయి. దాని వెనకాల ఒక పలకరాయి, ఆ రాయి కింద గుంట. డబ్బా అందులో సరిగ్గా పట్టింది. రంగుల కంపెనీ వాళ్లు నమూనాకు ఇచ్చిపోయిన చిన్న డబ్బా అది, మామయ్యే ఏరి మరీ ఇచ్చారు, ఆయనకు ఇలాంటి వాటిలో వెటకారం ఎక్కువ. తాళంచెవి అందులో వేసి, మూత నొక్కి, వెంట తెచ్చుకున్న పొట్లం విప్పి మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. వాళ్ల ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా అంతే. తూచే తరాజు వచ్చినా, గల్లాపెట్టె వచ్చినా, ఆఖరికి గోడ గడియారం వచ్చినా బొట్టు పెట్టనిదే వాడరు. కాపురానికి వచ్చిన కొత్తలో సైకిలుకు బొట్టు పెట్టమంటే ముసిముసిగా నవ్వుకుంది, ఇప్పుడు చెయ్యి దానంతట అదే పోతుంది. వేళ్లకు మిగిలింది ఎక్కడ తుడుచుకోవాలో తోచలేదు. ఎటూ రాళ్లన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి, తనకైనా గుర్తుంటుంది లెమ్మని ఆ పలకరాయికే పసుపు పూసి, మిగిలిన కుంకుమ కూడా అద్దేసి చేతులు దులుపుకుంది. సుద్దముక్క తెచ్చుకుంటే సరిపోయేది అనుకుంది. తర్వాత ఏనుగు వీపు మీద ఒక చరుపు చరిచి, పోయి రిక్షా ఎక్కింది.

అదిగో, వాళ్లు ఖుష్‌మహల్ వైపు నుంచి ఇటు వచ్చినట్టున్నారు, రాజక్క ఎర్ర చీర కనిపించి మాయమైంది. చీటీ ఎవరి చేతిలో ఉందో. ఆ చీటీ రాయడానికి ఎన్ని కాగితాలు చింపింది తను! కాగితం నిండా ఇంగ్లీషు మాటలు, ఒక వరసా క్రమమూ లేకుండా. వాటిని నాలుగు కుప్పలు చేయాలి, నౌన్‌లు ఒక కుప్ప, వెర్బులు ఒక కుప్ప, అడ్జెక్టివ్‌లు ఒకటి, ప్రిపోజిషన్లు ఒకటి. ప్రతి కుప్పలోనూ పాఠంలో ఇంతవరకు రాని కొత్త మాట ఒకటి ఉంటుంది. ఆ కొత్త మాటలకు నిర్మల చేతిలోని డిక్షనరీలో అర్థం చూసుకుంటే అవే దారి చెబుతాయి. ఎలిఫెంట్, బ్రోకెన్, బిహైండ్, లిఫ్ట్. ఏనుగు, విరిగినది, వెనకాల, ఎత్తు. ఇంతకంటే తేలిక ఏముంటుంది? తేలికా? రాసినవాళ్లకు అన్నీ తేలికే. ఒకవేళ బ్రోకెన్‌ను తీసుకుపోయి వెర్బుల్లో పడేస్తే? లిఫ్ట్ అంటే సుబేదారి ఆఫీసులో పైకీ కిందికీ పోయే పెట్టె అనుకుంటే? ఏ గుట్ట మీదనో ఇంకో ఏనుగు కనిపించి దాని చుట్టూ తిరుగుతుంటే? కోటలో ఏనుగులకేం తక్కువ, సగం సగం ఏనుగులు ఎన్ని లేవు!

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే వాళ్ల తలకెక్కలేదు. ఎన్నిసార్లు వల్లె వేయించినా కట్టమ్మ కళ్లు కిటికీ బయటికే పోయేవి. ఒకరోజు విసుగొచ్చి, మామయ్య భోజనానికి ఇంటికి పోయిన వేళ చూసి, అందర్నీ కిందికి దుకాణంలోకి దింపింది. ఇదిగో ఈ మేకు, ఈ గొళ్లెం, ఈ తాడు, ఇవి నౌన్‌లు, సరుకంతా నౌనే. తూయడం, కట్టడం, దించడం, మొయ్యడం, జీతగాళ్లు చేసే పనంతా వెర్బు. మేకు తుప్పుపట్టింది, తాడు సన్నది, బకెట్టు సొట్టది, గిరాకీ వచ్చి వంకపెట్టేదంతా అడ్జెక్టివ్. ఇక సరుకు ఎక్కడుంది? అర మీదనా, అర కిందనా, బస్తా వెనకాలనా, డబ్బా లోపలనా, అదీ ప్రిపోజిషన్. కట్టమ్మ నోరు తెరుచుకుని విని, "అయితే సేటు నౌను, సేటు తిట్టుడు వెర్బు," అంది. దుకాణంలో జీతగాళ్లు కూడా నవ్వలేక చచ్చారు. ఆ తర్వాత ఎప్పుడూ వాళ్లకు ఆ ముక్కలు పొరపాటు పోలేదు. కాకపోతే ఈ సంగతి మామయ్య చెవిన పడింది. నా దుకాణం నీకు పలకా బలపమా అన్నారు. కోపంగా అనలేదు, అలాగని నవ్వుతూ కూడా అనలేదు, ఆయన మాటల్లో అదే చిక్కు, ఎటువైపు తూగుతున్నారో తెలియనివ్వరు.

ఈ ఆట మాత్రం అనసూయ సొంతం కాదు, చిన్నప్పటి డోర్నకల్‌ది. నాన్నకు స్టేషను బయట కిరాణా కొట్టు ఉండేది, రైల్వే క్వార్టర్లకు సరుకులు వేసేవాడు. ఇంజను డ్రైవరుగారి చెల్లెలు మిస్ డోరా పంచదారకు వచ్చి, కొట్టులో గుడ్లప్పగించి చూసే పిల్లను వెంటబెట్టుకుపోయి ఇంగ్లీషు నేర్పింది. బిస్కట్టు ఎక్కడో దాచి చీటీ చేతికిచ్చేది. కుర్చీ కిందనా, పూలకుండీ వెనకాలనా, కోళ్లగూడు పక్కనా? మాట తప్పు చదివితే బిస్కట్టు లేదు, సరిగ్గా చదివితే రెండు. బయట షంటింగు ఇంజను కూతలు పెడుతూ ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే లోపల అనసూయ మంచాల కింద దూరుతూ ఉండేది. వాళ్లకు బదిలీ అయి పోయేరోజున మిస్ డోరా ఆఖరి చీటీ ఒకటి చేతిలో పెట్టి, నేను పోయాక చూసుకో అంది. చూసుకుని పరుగెత్తేసరికి ఆ క్వార్టరులో కొత్తవాళ్లు దిగారు, గుమ్మంలోనే ఆపేశారు. అక్కడేముందో ఇప్పటికీ తెలియదు. బిస్కట్టే అయ్యుంటుంది, చీమలు ఎప్పుడో తినేసి ఉంటాయి, అయినా ఇన్నేళ్లకు కూడా అనసూయ దాన్ని మరిచిపోలేదు. దొరకకుండా పోవడం మంచిది కాదు. వీళ్లకు దొరకాలి.

"ఏందమ్మా, ఆ ఆడోళ్లు మీతోటి వచ్చినోళ్లేనా?" అనే మాట విని ఉలిక్కిపడింది. కోట కాపలా చూసే యాకయ్య, చేతిలో కర్ర. "రాళ్ల నడుమ ఏందో దేవులాడుతాన్రు. తవ్వుడు గివ్వుడు పెట్టుకుంటె నా నౌకరి పోతది."

మామయ్య కళ్లు తెరవకుండానే జవాబిచ్చారు. "తవ్వుడు కాదయ్యా. చదువు."

"సదువా? కోటలనా?"

"గదే నేను గూడ అడిగిన," అన్నారు మామయ్య. యాకయ్య ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ఇదేదో పెద్దింటి పైత్యం అనుకున్నాడో ఏమో, కర్ర టకటకలాడించుకుంటూ పోయాడు. మామయ్య మళ్లీ కళ్లు మూసుకున్నారు. నిద్రా? కాదు, ఆయన దుకాణంలో కూడా అలాగే కూర్చుంటారు, నిద్రపోయాడనుకుని గిరాకీ రేటు తగ్గించి అడిగితే కళ్లు తెరవకుండానే కుదరదంటారు. నిజానికి మంచి మనిషి. అనసూయకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఉంది, రావడం లేదు. డిగ్రీ పరీక్షలు ప్రైవేటుగా రాస్తానంటే ఇంట్లో అందరూ నోళ్లు నొక్కుకున్నప్పుడు, రాయనియ్యుండ్రి, కాగితమే గద అన్నది ఈయనే. మేడ మీది గది ఖాళీగా ఉంది, నలుగురికి చెప్పుకుంటానంటే తాళంచెవి తీసి ఇచ్చిందీ ఈయనే. ఇచ్చినవాడే అడుగుతున్నాడు. ఆయన సరుకు ఆయన దించుకుంటానంటే కాదనడానికి తనెవరు?

ఇంగ్లీషంటే ఆయనకు స్టాకు, రేటు, పేమెంటు. అంతకుమించి ఒక్క మాట నోటి వెంట రాదు, రానివ్వరు. ఓసారి సికిందరాబాదు నుంచి తాళాల కంపెనీ ఆయన వచ్చాడు, టై కట్టుకుని, అన్నీ ఇంగ్లీషులోనే. దుకాణంలో ఎవరికీ అర్థం కాక బిత్తరపోతుంటే, టిఫిను డబ్బా తెచ్చిన అనసూయ గడప బయట నిలబడే రెండు మాటల్లో జవాబు చెప్పింది. భర్త తల దించుకుని మేకులు లెక్కపెడుతున్నాడు, జీతగాళ్లు చేస్తున్న పని ఆపారు, తను ఏం తప్పు చేసిందో తెలియక చెమటలు. ఆ వచ్చినాయన పోతూ పోతూ మామయ్యకు చెయ్యిచాపి థాంక్యూ అన్నాడు. ఆయన పోయాక మామయ్య అడిగారు, ఏమన్నడమ్మా అని. చెప్పింది. "దేనికి? ఆయన సరుకిచ్చిండు, నేను పైసలిస్తన్న. బేరం సాఫ్ అయింది. నడుమ ఈ మాట దేనికి?" అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. అయినా ఆ మర్నాడే, తను ఎన్నాళ్లుగానో అడుగుతున్న గది తాళంచెవి తీసి ఇచ్చారు, ఎందుకిచ్చారో చెప్పలేదు.

కర్పూరం వాసన వస్తోంది. ఎవరో గుడికి వచ్చినట్టున్నారు, ఆదివారం కదా. గంట చప్పుడు మాత్రం లేదు. పొద్దు వాలుతోంది, ఇంత ఆలస్యమెందుకు? కుప్పలు చేయడానికే ఇంతసేపా? ఒకవేళ దొరకక, మొహం చూపించలేక, అటునుంచటే ఇళ్లకు పోయారా? కట్టమ్మ పోదు. కట్టమ్మ అలాంటిది కాదు. రంగశాయిపేట నుంచి మిర్చి తొడిమలు తీసే కూలికి పోయి, మధ్యాహ్నం దాకా చేసి, చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని, ఆ నూనె చేతుల్తోనే పుస్తకం పట్టుకుంటుంది. పుస్తకంలో పేజీలన్నీ జిడ్డు. పదో తరగతి ప్రైవేటుగా కట్టింది, మార్చిలో పరీక్ష. పోయినసారి అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటే పోయింది. పాసైతే వాళ్ల వాడలో కొత్తగా పెట్టే అంగన్‌వాడీకి టీచరు నౌకరి అడగొచ్చు. ఇంట్లో ఒక్కటే అర్ర, అందులో అత్తా మామా మంచం, పొయ్యీ, ఒక బర్రెదూడ కూడా. అక్కడ ఏం చదువుతుంది? ఆ గది లేకపోతే కట్టమ్మ మళ్లీ తొడిమలకే. రాజక్క పూలకే. మరి తనో? తనకేమైంది, తిండికా బట్టకా లోటు? లేదు. కానీ ఆ గదిలో ఉన్నంతసేపే ఎవరికీ కోడలు కాదు, ఎవరికీ వడ్డించదు, గోడ మీద సుద్దతో రాసి చెయ్యి దులుపుకుంటే ఆ దుమ్ము కూడా బాగుంటుంది. గది పోతే చచ్చిపోదు తను. కానీ ఏడుస్తుంది. ఇంట్లో ఎవరికీ కనపడకుండా, ఉల్లిగడ్డలు కోస్తూ ఏడుస్తుంది, అది మటుకు ఖాయం.

వచ్చారు. ముగ్గురూ వచ్చారు. అనసూయ లేచి నిలబడింది. ముందు చేతులే చూసింది, ఖాళీ. రాజక్క చేతిలో పూలబుట్ట, నిర్మల చేతిలో డిక్షనరీ, కట్టమ్మ చేతిలో సగం కొబ్బరిచిప్ప. ముగ్గురి నుదుటా ఎర్రగా కొత్త బొట్లు. మామయ్య కళ్లు తెరిచారు.

"దొరకలే పంతులమ్మా," అంది కట్టమ్మ. "ఏనుగు దొరికింది. తొండం ఇరిగిన ఏనుగు. బిహైండ్ అంటె ఎనుక అని ఎనుకకు పోయినం. పోతె అక్కడ తల్లి ఉన్నది."

"ఏ తల్లి?" అన్నారు మామయ్య. "కోటల నేనెరుగని తల్లి ఎవరే?"

కట్టమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. ఆయనకేసి చూడకుండా అనసూయకే చెప్పింది. "కొత్త తల్లి. పసుపు గూడ ఆరలే. ఎవలో గన్నేరు పువ్వు గూడ పెట్టి పోయిన్రు. మేము గుడి ముందట కొబ్బరికాయ కొనుక్కచ్చి కొట్టినం, పరీక్ష పాసు గావాలని మొక్కినం. చుట్టూత అంత దేవులాడినం, డబ్బ లేదు. లిఫ్ట్ అంటె ఎత్తుడని ఎరికే పంతులమ్మా. గని తల్లిని ఎట్ల ఎత్తుతం?"

అయ్యో. అయ్యో నా చేతులు విరగ! పొట్లం, వేళ్లు, పలకరాయి, చేతులు దులుపుకోవడం, సుద్దముక్క ఉంటే సరిపోయేదన్న ఆలోచన, అన్నీ ఒక్కసారే కళ్లముందుకు వచ్చి అనసూయకు మొహమంతా వేడెక్కింది. మేకలు తోలే ముసలమ్మ పువ్వు పెట్టి ఉంటుంది. వీళ్లు కొబ్బరికాయ కొట్టారు. ఇందాకటి కర్పూరం గుడిలోది కాదు, వీళ్లదే. చీటీ సరిగ్గా చదివారు, ఒక్క మాట తప్పు పోలేదు, అక్కడి దాకా పోయి దాని ముందే నిలబడి దండం పెట్టుకుని తిరిగొచ్చారు, అంతా తన వేళ్ల మూలంగా. చెప్పింది. దాచిపెట్టకుండా మొత్తం చెప్పింది, మామయ్య వింటుండగానే. రాజక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "పా, చూద్దాం," అని మాత్రం అన్నారు.

ఏనుగు వెనకాల రాయి పొద్దున్నటి రాయిలా లేదు. కొబ్బరినీళ్లతో తడిసి నల్లగా నిగనిగలాడుతోంది, పసుపు ఇంకా పచ్చగా కనబడుతోంది, గన్నేరు పక్కన రాజక్క బంతిపూలు, కర్పూరం మసి. మామయ్య చెప్పులు విడిచారు. అనసూయ వంగింది. ఇది నేను పెట్టిన బొట్టే, కింద ఉన్నది రంగు డబ్బానే, నాకు తెలుసు, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది అనుకుంటూ రాయి అంచు మీద చెయ్యి వేసింది. చెయ్యి ఆగిపోయింది. కట్టమ్మ దీనికి మొక్కుకుంది. కూలి నాలి చేసి తెచ్చిన డబ్బుతో కొబ్బరికాయ కొట్టి పరీక్ష పాసవ్వాలని మొక్కుకుంది. అనసూయ చెయ్యి వెనక్కి తీసుకుని కళ్లకద్దుకుంది, ఎందుకద్దుకుందో ఆమెకే తెలియదు. "నేను పెట్టిందే," అని గొణిగింది ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు.

"నువ్వు పెడితేంది, ఎవలు పెడితేంది?" అంది రాజక్క. "బొట్టు పెట్టినంక తల్లే. ఏ తల్లికైన మొదటి బొట్టు ఎవలో ఒకలు పెట్టిందే గద."

అనసూయ మామయ్య వైపు చూసింది. ఇప్పుడాయన డబ్బా రాలేదు, గది నాది అంటే అయిపోతుంది, మాట ప్రకారం న్యాయమే. కానీ ఆయన తాళంచెవి కూడా ఆ రాయి కిందే ఉంది, నేనే పోయి తెచ్చుకుంట అన్న మాట కూడా ఆయనదే. ఆయన చెయ్యి సాగుతుందా? సాగడం లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పుడు కట్టమ్మ ముందుకు వచ్చింది. "అడుగుదం," అంది. అడగడమంటే వాళ్లకు తెలిసిందే, తల్లి మీద పువ్వు పెట్టి అడిగితే, కుడివైపుకు పువ్వు పడితే సరే అన్నట్టు, పడకపోతే వద్దన్నట్టు. రాజక్క బుట్టలోంచి ఒక బంతిపువ్వు తీసి రాయి అంచున నిలబెట్టింది. కట్టమ్మ మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించి, వెనక్కి తిరిగింది. "పంతులమ్మా, ఈ తల్లి ఇంగ్లీషు చీటితోని దొరికిన తల్లి గద. తెలుగుల అడిగితె ఇంటదో ఇనదో."

ఎవరూ నవ్వలేదు. కట్టమ్మ కొంగు తల మీంచి జారిపోయింది, సర్దుకోలేదు. వెనకాల సేటు నిలబడి ఉన్నాడన్న సంగతే మరిచిపోయినట్టుంది. రాయికేసి చూస్తూ, మిర్చి మంటకు ఎర్రబడ్డ చేతులు జోడించి, గట్టిగా అడిగింది.

"మదర్, ప్లీజ్ గెట్ అప్. అవర్ కీ ఈజ్ అండర్ యూ. వియ్ ఆర్ నాట్ థీవ్స్, మదర్. వియ్ ఆర్ స్టూడెంట్స్."

ఇది ఏ పాఠంలోదీ కాదు. అనసూయ నేర్పిన మాటలే, కానీ ఇలా ఒకదాని పక్కన ఒకటి ఆమె ఎప్పుడూ పేర్చి చూపలేదు. కళ్లు చెమ్మగిల్లి ఏనుగు మసకమసకగా కనిపించింది. "ఏమంటాంది?" అని మామయ్య మెల్లగా అడిగారు. "తల్లీ జర లెవ్వు, మా తాళంచెవి నీ కింద ఉన్నది, మేము దొంగలం కాదు, చదువుకునేటోళ్లం అంటాంది మామయ్యా," అని చెప్పింది.

కోట గోడల మీంచి గాలి వచ్చింది. బంతిపువ్వు కదిలింది, ఒకవైపుకు ఒరిగింది, మళ్లీ లేచింది, దొర్లి కింద పడింది. కుడికి పడిందా, ఎడమకు పడిందా? అనసూయకు తెలియలేదు. తల్లి మొహం ఎటున్నదో తేలితే కదా కుడేదో ఎడమేదో తేలేది, అది ఎంతసేపటి తల్లి అని! రాజక్క నిర్మలను చూసింది, నిర్మల కట్టమ్మను చూసింది, ముగ్గురూ అనసూయను చూశారు.

"కుడికి పడ్డది," అన్నారు మామయ్య. దుకాణంలో తూకం చెప్పే గొంతుతోనే అన్నారు, ఇక దాని మీద మాట లేదన్నట్టు. "ఇచ్చింది తల్లి. ఎత్తుండ్రి."

కట్టమ్మా రాజక్కా చెరో పక్కా పట్టి రాయి ఎత్తారు. డబ్బా మీద బొట్టు చెక్కుచెదరలేదు. మూత బిగుసుకుపోతే మామయ్యే కూర్చుని, మొలకున్న చాకుతో పెళ్లగించి, తాళంచెవి బయటికి తీసి తువ్వాలతో తుడిచారు. ఒకసారి అరచేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు చూశారు. అనసూయకు ఇవ్వలేదు. కట్టమ్మ చేతిలో పెట్టి, "రేపు నువ్వే తెరువు బిడ్డా. రంగులకు వేరే జాగ నేను చూసుకుంట. గీ తల్లిని మాత్రం ఎట్లున్నదట్ల పెట్టుండ్రి," అన్నారు. కట్టమ్మ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది, రాజక్క ఆమెను తిడుతూ తనూ ఏడ్చింది, నిర్మల డిక్షనరీని కింద పెట్టి రాయి సర్దింది, మళ్లీ పూలు పెట్టారు. అనసూయ అందరికంటే ముందు నడిచింది, మొహం ఎవరికీ కనపడకూడదని.

రిక్షాలున్న వైపు కొంతదూరం పోయాక మామయ్య వెంట లేరని గమనించి వెనక్కి తిరిగింది. ఆయన ఏనుగు దగ్గరే ఉన్నారు, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. పిలుద్దామని వెనక్కి నడిచి, ఏనుగు ఇవతలే ఆగింది. ఆయన అటూ ఇటూ చూశారు, యాకయ్య గానీ ఇంకెవరు గానీ ఉన్నారేమోనని. ఎవరూ లేరనుకున్నారు. పలకరాయి ముందు కొంచెం వంగి, చేతులు జోడించి, ఆ మాట పలకడం అలవాటు లేని నోటితో, "థాంక్యూ," అన్నారు.